వృత్తి ఆరోగ్య శాస్త్రంలో మైనర్ డిగ్రీ: కాలేజీలో మొదటి నుంచి ఎలా కట్టుకురావాలి

మెకానికల్, కెమికల్, సివిల్, మైనింగ్ చదివిన పిల్లలు ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే పదిమంది కార్మికుల మీద సూపర్‌వైజర్లు అవుతారు. యంత్రం ఎంత వేడెక్కితే ఆపాలో వాళ్లకు తెలుసు. ఆ యంత్రం పక్కన నిలబడ్డ మనిషి ఎంత వేడికి కుప్పకూలతాడో నాలుగేళ్లలో ఎక్కడా చెప్పరు. ఈ లోటు పూడ్చడానికి కొత్త డిపార్ట్‌మెంట్ పెట్టనక్కర్లేదు. వృత్తి ఆరోగ్య శాస్త్రంలో, అంటే పని వల్ల మనిషి ఒంటికి వచ్చే హానిని కొలిచి ఆపే శాస్త్రంలో, ఒక మైనర్ డిగ్రీ (మేజర్‌తో పాటు చదివే చిన్న రెండో విషయం) చాలు. కానీ అది కాగితం మీద మిగలకుండా నడవాలంటే పని క్రమం మార్చుకోవాలి. ముందు పని ప్రదేశాలు, తర్వాత కొలిచే పరికరాలు, ఆ తర్వాతే సిలబస్.

ఈ మార్గదర్శి ప్రధానంగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని అటానమస్ ఇంజినీరింగ్ కాలేజీల కోసం. డిగ్రీ కాలేజీలకు వర్తించే తేడాలు మధ్యలో వస్తాయి.

1. ముందు మూడు పని ప్రదేశాలు ఎంచుకోండి

కాలేజీ గేటు నుంచి గంట బస్సు ప్రయాణంలో ఏమేం పనులు జరుగుతున్నాయో రాసుకోండి. ఒంగోలు వాళ్లకు చీమకుర్తి గ్రానైట్ క్వారీలు, మార్కాపురం వాళ్లకు పలకల యూనిట్లు ఉన్నాయి. గుంటూరు వాళ్లకు మిర్చి యార్డు, జిన్నింగ్ మిల్లులు. భీమవరం వైపు రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో రోజంతా తడి చేతులు, గడ్డకట్టే చలి, అమోనియా ప్రమాదం. సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు, నిజామాబాద్‌లో బీడీ పొగాకు దుమ్ము, కొత్తగూడెం, రామగుండం చుట్టూ బొగ్గు, పటాన్‌చెరు వైపు మందుల కంపెనీల ద్రావకాలు. ఏమీ లేదనుకున్న ఊళ్లో కూడా ఆటోనగర్ ఉంటుంది, రైస్ మిల్లు ఉంటుంది, ఎండలో పురుగుమందు కొట్టే రైతుకూలీ ఉంటాడు.

ఈ జాబితా నుంచి మూడు ఎంచుకోండి: దుమ్ము ఉన్నది ఒకటి, చప్పుడో వేడో ఉన్నది ఒకటి, రసాయనాలతో పనిచేసేది ఒకటి. మూడింటిలో కనీసం ఒకటి పదిమంది లోపు పనిచేసే చిన్న షెడ్డు కావాలి. పెద్ద ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్ ఉంటాడు, డాక్టరు ఉంటాడు, చక్కటి బోర్డులు ఉంటాయి, విద్యార్థులు అన్నీ బాగున్నాయనుకుని తిరిగొస్తారు. బ్యాటరీలు విప్పే షెడ్డులో సీసం దుమ్ము అంటిన చేత్తోనే అన్నం కలుపుకుని తినే కుర్రాణ్ణి చూస్తే ఈ శాస్త్రం ఎందుకో విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఒక్కో చోటికి ఒక్కో పేజీ రాయండి. ఎంతమంది పనిచేస్తారు, షిఫ్టు ఎన్ని గంటలు, గాల్లో ఏముంది, లోపలికి రానిచ్చేది ఎవరు. తర్వాతి మెట్లన్నీ ఈ మూడు పేజీల మీదే నిలబడతాయి.

2. క్రెడిట్ల లెక్క

సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ చట్రంలో బీటెక్ మైనర్ అంటే మామూలు డిగ్రీ క్రెడిట్లకు అదనంగా 18 నుంచి 20 క్రెడిట్లు. అనుబంధ విశ్వవిద్యాలయం రెగ్యులేషన్‌లో ఏ అంకె ఉందో చూసి దాన్నే పట్టుకోండి. యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన పాఠ్య, క్రెడిట్ చట్రం ప్రకారం డిగ్రీ కాలేజీల్లో మైనర్‌కు మూడేళ్ల కోర్సులో 24, నాలుగేళ్ల కోర్సులో 32 క్రెడిట్లు. అక్కడ మైనర్ డిగ్రీ లోపలి భాగమే, అదనం కాదు. ఈ రెండు పద్ధతులను కలిపేసి రాసిన ప్రతిపాదన అకడమిక్ కౌన్సిల్ దాకా వెళ్లి తిరిగొస్తుంది.

లెక్క తప్పే ఇంకో చోటు, ఒకే కోర్సును మేజర్‌లోనూ మైనర్‌లోనూ చూపించడం. కెమికల్ బ్రాంచిలో ఇప్పటికే 'ప్రాసెస్ సేఫ్టీ' ఉంటే ఆ విద్యార్థికి మైనర్‌లో దాని బదులు ఏం ఇస్తారో ముందే రాయాలి. ఏ బ్రాంచిలో ఏ కోర్సు దేనితో ఎన్ని యూనిట్లు కలుస్తుందో ఒక పట్టిక వేసి ప్రతిపాదనకు జతచేయండి. కౌన్సిల్‌లో వచ్చే ప్రశ్నల్లో సగం అక్కడే ఆగిపోతాయి.

కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక 'స్వయం' మీది కోర్సులను కొంత మేరకు వాడుకోవచ్చు. చట్టం, ఎపిడెమియాలజీ (జబ్బు ఎవరికి, ఎక్కడ, ఎందుకు వస్తుందో లెక్కలతో వెతికే శాస్త్రం) లాంటి థియరీకి పనికొస్తాయి. ల్యాబ్, ఫీల్డ్ పని మాత్రం ఆన్‌లైన్‌కు వదలకండి.

3. ఏం ఇస్తుందో, ఏం ఇవ్వదో బ్రోషర్‌లో రాయండి

ఇక్కడ మొహమాటం పనికిరాదు. ఈ మైనర్ పూర్తిచేసినంత మాత్రాన ఎవరూ చట్టబద్ధమైన సేఫ్టీ ఆఫీసర్ కారు. ఆ పోస్టుకు డిగ్రీతో పాటు గుర్తింపు ఉన్న పారిశ్రామిక భద్రతా డిప్లొమా, అనుభవం అడుగుతారు. ఫ్యాక్టరీ డాక్టరుకు ఎంబీబీఎస్ తర్వాత ఏఎఫ్ఐహెచ్ అనే మూడు నెలల శిక్షణ వేరే ఉంది. అడ్మిషన్ల వేళ ఎవరో ఒకరు 'దీంతో సేఫ్టీ ఆఫీసర్ ఉద్యోగం' అనేస్తారు, ఆ తల్లిదండ్రులు మూడేళ్ల తర్వాత నిలదీస్తారు. కాబట్టి 'ఈ మైనర్‌తో చట్టబద్ధమైన సేఫ్టీ ఆఫీసర్ కారు' అన్న వాక్యం బ్రోషర్ మొదటి పేజీలోనే ఉండాలి.

ఇవ్వగలిగింది కూడా తక్కువేం కాదు. ఫ్యాక్టరీల ఈహెచ్ఎస్ (పర్యావరణం, ఆరోగ్యం, భద్రత) విభాగాల్లో ట్రైనీగా చేరడానికి పునాది, పారిశ్రామిక భద్రతలోనో ప్రజారోగ్యంలోనో పీజీకి దారి. అన్నిటికన్నా ముఖ్యంగా, లైన్ మీద నిలబడి 'ఇక్కడ గాలి బాగాలేదు, కొలుద్దాం' అనగల ప్రొడక్షన్ ఇంజినీరు తయారవుతాడు.

4. కోర్సుల అమరిక

20 క్రెడిట్లకు పనిచేసే అమరిక ఇది.

నాలుగో సెమిస్టర్: వృత్తి ఆరోగ్య శాస్త్ర పరిచయం, 3 క్రెడిట్లు.
ఐదో సెమిస్టర్: మానవ శరీరధర్మం, విషశాస్త్రం, 3. ఎపిడెమియాలజీ, గణాంకాలు, 2.
ఆరో సెమిస్టర్: పారిశ్రామిక హైజీన్ (పని చోటి గాలి, చప్పుడు, వేడిని కొలిచి అదుపు చేయడం), 3. దాని ల్యాబ్ వారానికి 4 గంటలు, 2.
ఆరు, ఏడు సెమిస్టర్ల మధ్య వేసవి: ఫీల్డ్ ప్రాక్టీస్ 60 గంటలు, 2.
ఏడో సెమిస్టర్: ఎర్గనామిక్స్ (పనిని మనిషి ఒంటికి తగ్గట్టు అమర్చడం), పని ఒత్తిడి, 3. చట్టం, నిర్వహణ, 2.

ఎనిమిదో సెమిస్టర్‌ను ఖాళీగా వదలండి. ఆ టైముకి పిల్లలు ఇంటర్న్‌షిప్‌ల కోసం హైదరాబాద్, బెంగళూరు వెళ్లిపోతారు. ఆ సెమిస్టర్‌లో కోర్సు పెడితే హాజరు కోసం దొంగ సంతకాలే మిగులుతాయి.

విషశాస్త్రం రసాయనాల పట్టికలా మారిపోకూడదు. ఒక్క పదార్థాన్ని తీసుకుని చివరిదాకా వెళ్లండి. రాతి దుమ్ములోని సిలికా అయితే, ఏ సైజు రేణువు ముక్కులో ఆగుతుంది, ఏది గాలిగదుల దాకా దిగుతుంది, అక్కడి కణాలు దాన్ని ఎందుకు అరిగించుకోలేవు, మచ్చ ఎలా కడుతుంది, సిలికోసిస్ అనే ఆ ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాడికి క్షయ ఎందుకు తొందరగా అంటుకుంటుంది. రాయి కోసే రంపం మీద నీళ్లు పోస్తే ఇందులో ఏ మెట్టు దగ్గర కథ ఆగుతుందో విద్యార్థి చెప్పగలగాలి. రసాయన ప్రమాదాల పాఠానికి 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ట్యాంకు నుంచి లీకైన స్టైరీన్ ఆవిరి మన పక్కనే ఉన్న ఉదాహరణ. ట్యాంకులో ఉష్ణోగ్రత పెరగడంతో మొదలుపెట్టి ఇళ్లలో నిద్రపోతున్నవాళ్ల ఊపిరి దాకా వరస కట్టించండి.

ఎపిడెమియాలజీకి ఉద్దానం కిడ్నీ జబ్బు కంటే మంచి పాఠం దొరకదు. కారణం ఇదేనని తేలలేదు. ఎండలో పని, నీళ్లు తాగకపోవడం, తాగే నీళ్లలోని లవణాలు, వ్యవసాయ రసాయనాలు, నొప్పి మాత్రలు, అన్నిటి మీదా అనుమానం ఉంది. 'ఎవరిని, ఎంతమందిని, ఎవరితో పోల్చి చూస్తే ఈ అనుమానాల్లో ఒకటి రాలిపోతుంది?' అని అడగండి. తొందరపడి కారణం ప్రకటించకుండా ఉండటం ఈ కోర్సులో నేర్వాల్సిన అసలు విద్య.

చట్టం కోర్సులో సెక్షన్ నంబర్లు సిలబస్‌లో అచ్చు వేయకండి. వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2020 అనేది 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంతో సహా 13 చట్టాలు అందులో కలిశాయి. సిలబస్‌లో 'ప్రస్తుతం అమల్లో ఉన్న కేంద్ర, రాష్ట్ర నియమాలు' అని రాసుకుంటే ప్రతి సవరణకూ బోర్డ్ ఆఫ్ స్టడీస్ గడప తొక్కనక్కర్లేదు. కోడ్ మూడో షెడ్యూల్‌లోని 29 నోటిఫై చేయాల్సిన జబ్బులను మాత్రం వివరంగా చెప్పండి. ఏ జబ్బు కనబడితే ఎవరు ఎవరికి రాయాలో తెలిస్తేనే ఆ జబ్బు లెక్కలోకి ఎక్కుతుంది.

5. ల్యాబ్: తక్కువ కొనండి, సరిగ్గా కొనండి

30 మంది బ్యాచ్‌ను ఆరుగురి చొప్పున ఐదు జట్లు చేస్తే, క్లాస్ 2 సౌండ్ లెవెల్ మీటర్లు మూడు, వాటికి ఒక అకౌస్టిక్ క్యాలిబ్రేటర్ (మీటరు సరిగ్గా చూపుతోందో సరిచూసేది), నాయిస్ డోసిమీటర్లు (షిఫ్టంతా చెవికి చేరిన చప్పుడును కూడేవి) రెండు, డబ్ల్యూబీజీటీ హీట్ మీటరు (తడి, గోళం, గాలి ఉష్ణోగ్రతలను కలిపి వేడి ఒత్తిడిని చూపేది) ఒకటి, వెలుతురు కొలిచే లక్స్ మీటర్లు రెండు, నడుముకు కట్టుకునే గాలి శాంప్లింగ్ పంపులు నాలుగు, వాటికి సైక్లోన్లు (ఊపిరితిత్తుల్లోకి దిగే సన్నటి దుమ్మును వేరు చేసేవి), గాలి లాగే వేగాన్ని సరిచూసే ఒక ఫ్లో క్యాలిబ్రేటర్ కావాలి. జట్లు ప్రయోగాలు మార్చుకుంటూ చేస్తాయి కాబట్టి ఇవి సరిపోతాయి. క్యాలిబ్రేటర్ ఖర్చు దండగని తీసేస్తారు, అక్కడే ల్యాబ్ చచ్చిపోతుంది. 1 కిలోహెర్ట్జ్ దగ్గర 94 డెసిబెల్ ఇచ్చే ఆ చిన్న డబ్బాను ప్రతి కొలతకు ముందూ తర్వాతా మీటరుకు తగిలించి చూడకపోతే వచ్చిన అంకెకు విలువ లేదు. ఫోన్‌లో యాప్‌తో కొలిచిన చప్పుడును రిపోర్టుల్లో ఒప్పుకోకండి.

ల్యాబ్‌లో మొదట చేయించాల్సిన లెక్క ఇది. ఒక కార్మికుడు 90 డెసిబెల్ దగ్గర 4 గంటలు, 95 దగ్గర 2 గంటలు, 85 దగ్గర 2 గంటలు ఉన్నాడు. మన ఫ్యాక్టరీ నియమాల్లో ఏళ్లుగా ఉన్న పట్టిక 90కి 8 గంటలు, 95కి 4 గంటలు ఒప్పుకుంటుంది. 4ను 8తో భాగిస్తే సగం, 2ను 4తో భాగిస్తే సగం, 85 లెక్కలోకే రాదు. మొత్తం 100 శాతం, అంటే సరిగ్గా హద్దు మీద. ఇదే షిఫ్టును అమెరికా వృత్తి భద్రత, ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ సిఫార్సుతో, అంటే 85కి 8 గంటలు, ప్రతి 3 డెసిబెల్‌కూ సమయం సగం అనే లెక్కన చేయండి. 90కి 2.52 గంటలు, 95కి 0.79 గంట మాత్రమే దొరుకుతుంది, ఇక్కడ 85 దగ్గరి 2 గంటలు కూడా లెక్కలోకి వస్తాయి. మొత్తం సుమారు 436 శాతం. మనిషి అతనే, చప్పుడు అదే. చట్టం ఒప్పుకున్నది వేరు, చెవి తట్టుకునేది వేరు అన్న సంగతి విద్యార్థి తన చేత్తో వేసిన లెక్కలోంచి తెలుసుకుంటాడు.

దుమ్ము దగ్గర ఎక్కువ కాలేజీలు బోల్తా పడేది త్రాసు వల్ల. 10 మిల్లీమీటర్ల నైలాన్ సైక్లోన్‌తో నిమిషానికి 1.7 లీటర్ల చొప్పున 8 గంటలు గాలి లాగితే 816 లీటర్లు, అంటే 0.816 ఘనపు మీటర్లు. గాల్లో ఘనపు మీటరుకు 1 మిల్లీగ్రాము దుమ్ము ఉంటే వడపోత కాగితం మీద పడేది 0.816 మిల్లీగ్రాములే. కెమిస్ట్రీ ల్యాబ్‌లోని 0.1 మిల్లీగ్రాము త్రాసు మీద దాన్ని తూస్తే ఒక్క అంకె అటూ ఇటూ అయినా 12 శాతం తేడా, దానికి తోడు కాగితం పీల్చే తేమ. 0.001 మిల్లీగ్రాము చూపే మైక్రోబ్యాలెన్స్ కొనలేకపోతే ఫిల్టర్లను గుర్తింపు ఉన్న బయటి ల్యాబ్‌కు పంపే ఖర్చును ఏటా బడ్జెట్‌లో పెట్టండి. శాంప్లింగ్ మాత్రం విద్యార్థులే చేయాలి. ప్రతి బ్యాచ్‌లోనూ పంపు పెట్టకుండా తీసుకెళ్లి తెచ్చిన ఖాళీ ఫిల్టరు ఒకటి ఉండాలి. దాని బరువు మారితే మిగతావన్నీ అనుమానమే.

వేడి కొలిచేటప్పుడు తొందర పనికిరాదు. 150 మిల్లీమీటర్ల నల్ల గోళం లోపలి ఉష్ణోగ్రత నిలకడకు రావడానికి 20 నుంచి 25 నిమిషాలు పడుతుంది. అయిదో నిమిషంలో చదివిన అంకె కార్మికుడికి అన్యాయం చేస్తుంది, ఎందుకంటే చల్లటి చోటు నుంచి తెచ్చిన గోళం అప్పటికి తక్కువే చూపిస్తుంది. తడి వత్తికి డిస్టిల్డ్ వాటరే వాడాలి. ఎండలో తడి ఉష్ణోగ్రత 27, గోళం 45, గాలి 38 డిగ్రీలైతే 0.7, 0.2, 0.1 వంతుల్లో కలిపితే 31.7 వస్తుంది. వాతావరణ శాఖ చెప్పే 38 డిగ్రీలకూ ఈ 31.7కూ పోలిక లేదని, ఇది వేరే కొలమానమని మొదటి రోజే చెప్పాలి. లేకపోతే రిపోర్టులో 'పరిస్థితి చల్లగా ఉంది' అని రాసేస్తారు.

ఊపిరిని కొలిచే స్పైరోమీటరు, వినికిడిని కొలిచే ఆడియోమీటరు రెండో ఏడాదికి వాయిదా వేయండి. అవి మనుషుల మీద చేసే పరీక్షలు, డాక్టరు పర్యవేక్షణ లేకుండా ముట్టుకోకూడదు.

6. ఎవరు చెప్పాలి

ఒక్క డిపార్ట్‌మెంట్‌తో ఇది నడవదు. హైజీన్, ల్యాబ్ బాధ్యత కెమికల్ లేదా మెకానికల్ నుంచి ఒకరికి పూర్తిగా అప్పగించండి. 'అందరిదీ' అన్న ల్యాబ్ తాళం ఎవరి దగ్గరా ఉండదు. శరీరధర్మం, విషశాస్త్రం చెప్పడానికి దగ్గర్లోని మెడికల్ కాలేజీ కమ్యూనిటీ మెడిసిన్ విభాగాన్ని గానీ, అనుభవం ఉన్న ఫ్యాక్టరీ డాక్టరును గానీ అడగండి. డాక్టర్లకు వారానికి మూడు రోజులు రావడం కుదరదు. వాళ్ల క్లాసులను శనివారం మూడు గంటల చొప్పున 15 వారాలకు సర్దితే ఒప్పుకుంటారు. ఎర్గనామిక్స్‌కు ఫిజియోథెరపీ వాళ్లు బాగా పనికొస్తారు, ఈ సంగతి చాలామందికి తట్టదు.

సమన్వయకర్తకు వారం పనిభారంలో కనీసం నాలుగు గంటలు తగ్గించండి. ఆ పని జీతం లేని అదనపు బాధ్యత అయితే రెండో ఏడాదికి ఎవరూ ముందుకు రారు.

7. ఫీల్డ్ పని, కార్మికుడి హక్కు

ఫ్యాక్టరీతో ఎంఓయూలో ఇవి స్పష్టంగా ఉండాలి: విద్యార్థులు ఎన్ని రోజులు, ఎంతమంది వస్తారు, ఏం కొలుస్తారు, వాళ్ల బీమా, బూట్లు, హెల్మెట్లు ఎవరివి, ఫలితాలు ఎవరికి ఏ రూపంలో వెళ్తాయి. చివరిది రాయకుండా సంతకం పెట్టకండి. 'ఫలానా కార్మికుడికి వినికిడి తగ్గింది' అన్న కాగితం పేరుతో సహా మేనేజర్ టేబుల్ మీదకు వెళ్తే మర్నాడు అతని పని పోవచ్చు. యాజమాన్యానికి కార్మికులందరినీ కలిపిన ఫలితాలు, కార్మికుడికి అతని సొంత ఫలితం. ఈ నియమం దగ్గర రాజీ వద్దు.

గాలిని, చప్పుడును కొలవడం వేరు, మనిషిని కొలవడం వేరు. ప్రశ్నావళి అడిగినా, ఊపిరి పరీక్ష చేసినా అది మనుషుల మీద పరిశోధనే. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నైతిక మార్గదర్శకాలు చూసి, సంస్థాగత ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోండి. మీ కాలేజీకి కమిటీ లేకపోతే, కలిసి పనిచేసే మెడికల్ కాలేజీ కమిటీ ద్వారా వెళ్లండి. వేసవిలో ఫీల్డ్ ఉంటే దరఖాస్తు నవంబరులోనే పడాలి. సమ్మతి పత్రం తెలుగులో ఉంటే సరిపోదు. క్వారీల్లో, ఫ్యాక్టరీల్లో ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ, వాళ్లకు ఒడియా, హిందీ పత్రాలు కావాలి, చదువు రానివాళ్లకు సాక్షి ముందు చదివి వినిపించాలి.

60 గంటలను ఇలా పంచండి. 8 గంటలు నడిచి చూడటం, పని వరస గీయడం. 24 గంటలు కొలతలు. 12 గంటలు లెక్కలు. 10 గంటలు పరిష్కారం రూపొందించడం. 6 గంటలు ఆ చోటికి తిరిగి వెళ్లి చెప్పడం. పరిష్కారం మెట్ల వరుసలో ఉండాలి: ప్రమాదాన్ని తీసేయడం, మార్చడం, యంత్రానికి అడ్డు కట్టడం, పని పద్ధతి మార్చడం, అన్నిటికన్నా చివర మాస్కు. మొదటి సలహాగానే 'మాస్కులు ఇవ్వాలి' అని రాసిన రిపోర్టును తిప్పి పంపండి.

ఈ పనిని ఇండస్ట్రియల్ టూర్‌గా మార్చే ఒత్తిడి వస్తుంది. బస్సు, భోజనం, గ్రూప్ ఫోటో. ఒక జట్టులో ఆరుగురి కంటే ఎక్కువ మందిని ఒకే చోటికి పంపకపోతే ఆ బెడద సగం తగ్గుతుంది.

8. ఫైలు నడిపించడం

మొదటి క్లాసుకు పది నెలల ముందు మొదలుపెట్టండి. రెండు పేజీల నోట్, బోర్డ్ ఆఫ్ స్టడీస్, అకడమిక్ కౌన్సిల్, గవర్నింగ్ బాడీ, ఆ తర్వాత అనుబంధ విశ్వవిద్యాలయానికి సమాచారం. బోర్డు సమావేశానికి ఒక ఫ్యాక్టరీ డాక్టరునూ, ఒక ఈహెచ్ఎస్ మేనేజరునూ ప్రత్యేక ఆహ్వానితులుగా పిలవండి. సిలబస్‌లో నేల విడిచిన సాము ఎక్కడుందో వాళ్లే ముందు పట్టుకుంటారు. ఇది ఏ డిపార్ట్‌మెంట్ బోర్డు కిందకు వస్తుందన్న తగాదాను సమావేశానికి ముందే ప్రిన్సిపాల్ తేల్చాలి.

ఫైలులో తరచూ మరిచిపోయే కాగితం, మధ్యలో మానేసేవాళ్ల నియమం. విద్యార్థి 11 క్రెడిట్ల దగ్గర ఆపేస్తే అవి మెమోలో కనబడతాయా, సీజీపీఏలో కలుస్తాయా, ఫీజు తిరిగొస్తుందా. మూడింటికీ ఒక్కో వాక్యం రాయండి. అర్హతకు సీజీపీఏ 8 అడగడం ఈ మైనర్‌కు నప్పదు. షాప్‌ఫ్లోర్‌కు వెళ్లేవాళ్లకే ఇది కావాలి, వాళ్లు అందరూ టాపర్లు కారు. బ్యాక్‌లాగ్‌లు లేకపోవడం చాలు.

9. మొదటి బ్యాచ్

టైమ్‌టేబుల్‌లో అన్ని బ్రాంచీలకూ ఉమ్మడిగా ఖాళీ ఉన్న రెండు స్లాట్లను పరీక్షల విభాగంతో కలిసి ముందే బిగించండి. సాయంత్రం అయిదు తర్వాత పెడితే ఊళ్ల నుంచి బస్సుల్లో వచ్చే అమ్మాయిలు తప్పుకుంటారు, చివరికి హాస్టల్ అబ్బాయిలే మిగులుతారు.

పరీక్షల్లో నిర్వచనాలకు మార్కులు తగ్గించండి. ఒక షిఫ్టు కొలతలు ఇచ్చి, ఏది నమ్మదగ్గదో ఏది కాదో తేల్చమనండి. క్యాలిబ్రేషన్ 94కి బదులు 91 చూపిన మీటరు రీడింగులను మధ్యలో కలిపి ఇస్తే, పట్టుకున్నవాళ్లెవరో తెలిసిపోతుంది. ల్యాబ్ మార్కుల్లో మూడో వంతు లాగ్‌బుక్‌కే ఉంచండి: తేదీ, పరికరం నంబరు, ముందు క్యాలిబ్రేషన్, తర్వాత క్యాలిబ్రేషన్, ఆ సమయంలో యంత్రాలు ఎన్ని నడుస్తున్నాయో.

మొదటి బ్యాచ్ కొలిచిన చోట్లకే రెండో బ్యాచ్‌ను పంపండి, అవే బిందువుల దగ్గర అవే కొలతలు తీయించండి. రంపం మీద నీళ్ల పైపు బిగించారా, బ్యాటరీ షెడ్డులో సబ్బు, కుళాయి వచ్చాయా, అన్నం తినే చోటు వేరు చేశారా, మరమగ్గం కింద రబ్బరు దిండు పడిందా అని ఆ బ్యాచ్ రిపోర్టు మొదటి పేజీలోనే రాయాలి. మార్పు జరగని చోట ఎందుకు జరగలేదో యజమానినీ కార్మికులనూ విడివిడిగా అడిగి, రెండు జవాబులూ పక్కపక్కన పెట్టాలి.